ఏమీ అర్థం కాని టీచరమ్మ

పసిపిల్లలకు ఇంగ్లీషు నేర్పడంలో ఆ బడి ఒక గొప్ప పద్ధతి కనిపెట్టింది. ఆ పద్ధతి ప్రకారం పిల్లలు చెప్పేది టీచరుకు అర్థం కాకూడదు. అర్థం కాకపోతే పిల్లలు విధిలేక ఇంగ్లీషులో చెబుతారనీ, చెప్పగా చెప్పగా అదే మాతృభాష అయిపోతుందనీ యాజమాన్యం వారి ప్రగాఢ విశ్వాసం. అందువల్ల టీచరు ఉద్యోగానికి కావలసిన అర్హత ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీషు తప్ప మరో భాష చెవిన పడనట్టు ఉండాలి.

ఇంతటి ఉన్నత పదవికి మన టీచరమ్మ ఎంపికైంది. ఆవిడ చదువంతా తెలుగు మీడియం. ఇంగ్లీషు పరీక్ష గైడు బట్టీపట్టి గట్టెక్కిందే తప్ప, సొంతంగా ఒక వాక్యం రాయమంటే చెమటలు పట్టేవి. భర్త ఉద్యోగం పరాయి దేశానికి మారడంతో వెంట వచ్చి, ఫలానా ఇంజనీరు గారి భార్య అనే హోదాలో రెండేళ్ళు కిటికీ పక్కన కూర్చుంది. ఆ రెండేళ్ళలో కూరగాయల కొట్టులో బేరాలాడి అక్కడి భాష మాత్రం శుభ్రంగా నేర్చుకుంది. ఇంటర్వ్యూలో ఆ సంగతి చెప్పి మెప్పు పొందుదామనుకుంది. ప్రిన్సిపాల్ గారు లేచి తలుపు వేసి, "ఈ మాట ఇంకెక్కడా అనకండి. మర్చిపోండి" అన్నారు. టీచరమ్మ అక్కడికక్కడే మర్చిపోయింది. ఆ దేశంలో మొట్టమొదటిసారి ఎవరో తనని ఆయనగారి భార్యగా కాకుండా "టీచర్" అని పిలిచారు మరి. ఆ పిలుపు కోసం ఒక భాషేమిటి, రెండు భాషలు మర్చిపోవడానికైనా ఆవిడ సిద్ధమే. రెండోది తెలుగు.

మొదటిరోజే ఒక బొద్దబ్బాయి వచ్చి, మోకాళ్ళు రెండూ దగ్గరగా నొక్కిపెట్టి, తన భాషలో ఒక అవసరం విన్నవించుకున్నాడు. ఆవిడకు పొల్లు పోకుండా అర్థమైంది. అయినా నియమం నియమమే గనక కనుబొమలెత్తి, చేతులు చాచి, తల అడ్డంగా ఊపింది. పాపం వాడు ఇంగ్లీషు వెతుక్కునేలోపు నేల తడిసింది. ఆ వారం నివేదికలో "విద్యార్థి భావవ్యక్తీకరణకు తీవ్రంగా కృషి చేశాడు" అని నమోదైంది. నేల తుడిచింది మాత్రం టీచరమ్మే.

పిల్లలు మనసున్నవాళ్ళు. ఇంత పెద్ద మనిషికి పాలంటే ఏమిటో తెలియదు, బూటంటే ఏమిటో తెలియదు అని జాలిపడ్డారు. చెయ్యి పట్టుకుని గదంతా తిప్పి, ఒక్కొక్క వస్తువూ చూపించి, గట్టిగా, నెమ్మదిగా తమ భాష చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ తప్పు పలికితే మళ్ళీ చెప్పారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ తరగతిలో బోధన బ్రహ్మాండంగా సాగుతోందని తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారు. ఎవరు ఎవరికి బోధిస్తున్నారన్నది వారు పట్టించుకోలేదు.

టీచరు అక్కడి భాష మాట్లాడటం తల్లిదండ్రుల కంట పడితే సంస్థ పరువు పోతుంది గనక, బజారులో కూడా ఇదే పద్ధతి పాటించాలని ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు ఇచ్చారు. నిన్నటిదాకా గీచి గీచి బేరమాడిన మనిషి, బొద్దబ్బాయి తల్లి పక్కన నిలబడగానే వేలితో టొమాటోలు చూపిస్తూ ఇంగ్లీషులో నసుగుతుంటే కొట్టువాడు హడలిపోయాడు. "తలకేమైనా దెబ్బ తగిలిందా మేడమ్?" అని అడిగాడు. టీచరమ్మ అర్థం కానట్టు నవ్వింది. ఆ పూట వాడు చెప్పిన ధరే ఇచ్చింది.

ఇక ఆవిడ నాలుగేళ్ళ కూతురు. నోరు మూత పడదు గనక ఇంట్లో పిట్ట అంటారు. టీచరు బిడ్డ అన్న గౌరవంతో పిట్టకు తల్లి తరగతిలోనే సీటిచ్చారు, చిన్న షరతు మీద. బడిలో వీళ్ళిద్దరూ తల్లీకూతుళ్ళు కారు.

"ఇదొక ఆట తల్లీ. బడిలో అమ్మకి తెలుగు రాదు. నువ్వు టీచర్ అనాలి."

"మరి నీ తెలుగు ఎక్కడ పెడతావు?"

"సంచిలో."

పిట్ట సంచి తెరిచి, లోపలికంటా చెయ్యి పెట్టి వెతికింది. భర్త చూసి ఊరుకోలేక, "చిన్నపిల్లతో ఈ నాటకాలెందుకోయ్?" అన్నాడు.

"మిమ్మల్ని ఆఫీసులో అందరూ సార్ అంటారు. మీకేం తెలుస్తుందండీ?" అంది ఆవిడ. 

పిట్ట ఆటను తల్లికంటే నిష్ఠగా ఆడింది. గేటు దాటితే తెలుగు ముక్క ఉండేది కాదు. రానురాను గేటు ఇవతల కూడా కాస్త తగ్గింది. పిల్లకి క్రమశిక్షణ అబ్బుతోందని తల్లి మురిసింది.

బడి వార్షికోత్సవం వచ్చింది. టీచరమ్మ ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ ఆ రోజే తేలుతుంది. తల్లిదండ్రులతో నిండిన హాల్లో ప్రిన్సిపాల్ గారు మైకు అందుకుని అక్కడి భాషలో మొదలుపెట్టారు. "మా టీచరుకు మీ పిల్లల భాష ఒక్క ముక్క కూడా రాదని సగర్వంగా మనవి చేస్తున్నాను. ఈ అజ్ఞానమే మన సంస్థకు పునాది. దీన్ని ఎంత ఖర్చయినా కాపాడుకుంటాం!" చప్పట్లు మోగాయి. ఆ మాటలన్నీ అర్థమైన టీచరమ్మ ఏమీ అర్థం కానట్టు నిలబడి నమస్కారం పెట్టింది.

పిల్లలు బల్లలెక్కి పాట అందుకున్నారు. రెండో చరణంలో పిట్ట వెనక్కి అడుగు వేసి బల్ల మీంచి పడింది. గడ్డం చిట్లి రక్తం కారింది.

"అమ్మా!"

ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు తల్లీకూతుళ్ళిద్దరే. కానీ ఆ కేక అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు.  టీచరమ్మ కాళ్ళు ముందుకు కదిలాయి. ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. మళ్ళీ ఆ కిటికీ, ఆ కుర్చీ, ఫలానా వారి భార్య. ఆవిడ ఆగింది. కనుబొమలెత్తి, చేతులు చాచి, తల అడ్డంగా ఊపింది.

పిట్ట తల్లి మొహంలోకి చూసింది. ఏడుపు దిగమింగింది. "టీచర్, ఐ యామ్ హర్ట్. హెల్ప్ మీ, ప్లీజ్" అంది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు, కొందరు వచ్చే ఏటి సీట్ల కోసం అప్పుడే లేచారు. టీచరమ్మ పిల్లను ఎత్తుకుంది. ఉద్యోగం ఖాయమైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పెద్దలకు ఈ పద్ధతి తెలియదు.

ఇంటికొచ్చాక ఆవిడ పిట్టను వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, "అన్నం కలపనా బంగారూ?" అంది. పిట్ట తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నాకు ఆకలేస్తోందని టీచర్‌కి చెప్పు."

"అమ్మకి నువ్వే చెప్పు తల్లీ."

"టీచర్‌కి తెలుగు రాదు" అంది పిట్ట. అందులో కోపం లేదు, అలక లేదు. తెలుగు వచ్చని తల్లి ఒట్టేసింది, బతిమాలింది, తనకు తెలిసిన ముద్దుపేర్లన్నీ పెట్టి పిలిచింది. పిట్ట అన్నీ మర్యాదగా విని, నాన్న చెయ్యి పట్టుకుని దిగిపోయింది. టీచరమ్మ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాగా ఏడ్చింది. చేసింది తప్పేనని ఆవిడకు తెలుసు. ఎవరైనా నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననిపించింది.

చీవాట్లలో అక్కను మించినవాళ్ళు లేరు. ఫోన్ చేసి, కేక దగ్గర్నుంచి కనుబొమల దాకా ఏదీ దాచకుండా చెప్పింది. అవతల ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"అక్కా, వింటున్నావా? తిట్టవే, పరవాలేదు."

"తిట్టడమెందుకే? నేనే నీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా" అంది అక్క. "మావాణ్ణి మంచి స్కూల్లోనే వేశాం. అయినా వెధవ, దెబ్బ తగిలితే ఇంకా అమ్మా అనే ఏడుస్తున్నాడు. పదిమందిలో తలవంపులుగా ఉందే. దానికి ఎలా మాన్పించావో కాస్త వివరంగా చెప్పు, రాసుకుంటాను."