రెబెక్కా దిగేదాకా ఉపవాసం

ఆ శుక్రవారం ఎలీషమ్మ అనుకున్నది చాలా చిన్న సంగతి. పొద్దున ఏడింటికి మనవరాలు రెబెక్కా మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుతుంది, పది నిమిషాల్లో దిగుతుంది. దిగగానే తూంకుంట చర్చి స్త్రీల సంఘమంతా ఉపవాసం విడిచి ఇడ్లీలు తింటుంది. "పిల్ల దిగేదాకా మా ఇంట్ల గాని, సంఘంల గాని ఎవ్వరం మెతుకు ముట్టం" అని ఆదివారం ఆరాధనలో మొక్కుకున్నది సంఘం పెద్ద ఎలీషమ్మే.

ఆ విమానం ఇటలీలో తయారైంది. రెండు సీట్లు, ముందు ఒక ఫంకా. అక్కడివాళ్లు సెలవుల్లో ఊళ్లు చూసి రావడానికి వాడుకుంటారట. శామీర్‌పేట అవతలి శిక్షణ సంస్థలో పిల్లలు దాని మీదే నేర్చుకుంటారు. ఉన్నది అదొక్కటే. మర్నాటి నుంచి నెల రోజులు అదీ తనిఖీకి పోతుంది.

మంచు తొమ్మిదింటికి గానీ విడవలేదు. శిక్షకుడు ఎడ్వర్డ్ రెబెక్కాను రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏం తిన్నవమ్మా?"

"ఏం తినలే సార్. ఉపవాసం."

"అయితే ఎక్కకు. ఖాళీ కడుపుతోని కండ్లు తిరుగుతయి."

"దిగినంకనే తినాలె సార్."

"తిన్నంకనే ఎక్కాలె."

రెబెక్కా అవ్వకు ఫోన్ చేసింది. "నువ్వు తింటె ఇరవై మంది ప్రార్థన పాడైతది బిడ్డా. సార్‌తోని నేను మాట్లాడుత," అని ఎలీషమ్మ ఆటో ఎక్కింది. పెద్దామె ఒక్కతే పోతే బాగుండదని సంఘం నాలుగు ఆటోల్లో వెనకే వచ్చింది.

ఎడ్వర్డ్ వినలేదు. ఆడవాళ్లు విమానం పక్కనే కూర్చుని కీర్తనలు అందుకున్నారు. ఆకలికి గొంతులు పీలగా మారి అవి చావింటి ఏడుపుల్లా వినిపించాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఎవరో పైలట్ పోయాడనుకుని, చెప్పులు విడిచి లోపలికొచ్చారు. ఒకాయన పూలదండ తెచ్చి, ఎవరికి వేయాలో తెలియక ఫంకాకు వేశాడు. పదకొండింటికల్లా జనం రన్‌వే అంచు దాకా చేరారు.

"ఇగ పిల్ల తిన్నా విమానం లేవదు. మంది లేస్తెనే," అన్నాడు ఎడ్వర్డ్.

"పిల్ల దిగితెనే మేం లేస్తం," అంటూ సంఘంలో రెండో పెద్ద క్రిస్టీనా లేవబోయి, నీరసానికి మళ్లీ కూర్చుండిపోయింది.

ఒంటి గంట దాటితే గాలి పెరుగుతుంది, ఇవాళ్టికి లేనట్టే. మూడేళ్లుగా ఈ రోజు కోసమే ఎదురుచూసిన రెబెక్కా ఎండిపోయిన పెదవులతో రెక్క కింద నిలబడి ఉంది. మొక్కు తప్పితే పిల్ల పడిపోతుందేమోనని ఎలీషమ్మ భయం. తప్పకపోతే పిల్ల లేవనే లేవదు.

ఆమె కాపలాదారు లచ్చయ్య దగ్గరికి నడిచింది.

"డబ్బల ఏమున్నది లచ్చన్నా?"

"సర్వపిండి. నిన్నటిది, జర గట్టిగున్నది."

"ఇటియ్యి."

అందరూ చూస్తుండగా ఒక ముక్క నోట్లో పెట్టుకుని కన్నీళ్లతోనే నమిలింది. "మొక్కింది నేను, తప్పింది నేను. దేవుడు అడిగితె నన్నే అడుగుతడు. తిను బిడ్డా."

రెబెక్కా తింది. సంఘం కొయ్యబారిపోయింది. క్రిస్టీనా డబ్బాలోకి తొంగిచూసి మెల్లగా, "ఇంకేమన్న మిగిలిందా?" అంది.

ఆడవాళ్లు కీర్తనలు ఆపి లేచారు. చావేమీ లేదని తెలిసి జనం కొంచెం నిరాశగానే బయటికి నడిచారు. ఎడ్వర్డ్ ఫంకాకున్న దండ తీసి, విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. పన్నెండున్నరకు విమానం లేచింది. ఎలీషమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. పది నిమిషాలకు చక్రాలు నేలను తాకిన చప్పుడు విని గానీ తెరవలేదు.

"అయిపోయినట్టేనా సార్?"

"గిది మొదటిదమ్మా. ఇంకా పది గంటలు ఒక్కతే ఎగరాలె."

ఎలీషమ్మ మొక్కు తప్పినందుకు ఆదివారం సంఘం పెద్దరికం క్రిస్టీనాకు పోయింది. ఆమె చేసిన మొదటి తీర్మానం, ప్రార్థనకు ముందు టిఫిన్.