పుంగనూరు ఆవు ఎగిరిన వీడియో

పెళ్ళాం ఊళ్లో లేనప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేస్తుందని నాకో నమ్మకం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

ఆ రోజు మా ఆవిడ స్వర్ణలత మదనపల్లె నుంచి పుంగనూరుకు, చెల్లెలింటికి వెళ్లింది. మా చిన్నది నీలిమ గుడ్డతో కుట్టిన పుంగనూరు ఆవుబొమ్మ పట్టుకొచ్చి, "నాయనా, ఇది ఎగరాల" అంది.

"ఆవు యాడన్నా ఎగురుతుందా తల్లీ?"

"ఫోన్లో ఏనుగే ఎగర్తాండాది."

నిజమే. వెనక పచ్చగుడ్డ కట్టి వీడియో తీస్తే, ఫోన్లో ఒక యాప్ ఆ పచ్చనంతా చెరిపేసి అక్కడ ఆకాశం పెడుతుంది. చేతికీ పచ్చగుడ్డే చుట్టుకుని బొమ్మను ఆడిస్తే చెయ్యి మాయం, ఆవు విమానం!

ఇల్లంతా వెతికితే పచ్చగా కనబడింది ఒక్కటే. బీరువాలో చిలకపచ్చ పట్టుచీర. ఆదివారం కుప్పంలో మా బామ్మర్ది గృహప్రవేశానికి కట్టుకోమని అత్తగారు పెట్టింది. ఇంకా మడత కూడా విప్పలేదు. వాడుకుని మళ్లీ అదే మడతలో పెట్టేస్తే స్వర్ణకేం తెలుస్తుంది అనుకున్నాను.

చీరను గోడకు మేకులతో కొట్టాను. చెంగు మోచేతిదాకా చుట్టుకున్నాను. ఆవు లేచింది, నీలిమ గంతులేసింది. నేను వెనక ఆకాశం అతికించి, మనసాగక అత్తగారింటి ఫోన్ గ్రూపులో పెట్టేశాను.

తీరా చీర దించితే మేకు దిగినచోటల్లా చిల్లు. చిల్లులు లోపలికి పోయేలా మడిచి, బీరువా అడుగుకు తోసి, చేతులు దులుపుకున్నాను.

అంతలో కుప్పం నుంచి మా అత్తగారు వెంకటలక్ష్మమ్మ గొంతు గ్రూపులో మోగింది. "ఆవు బాగుండాది అల్లుడా. దాని యెనకాల మామిడి పిందెలు యాల ఎగర్తాండాయి? స్వర్ణా, అవి నేను పెట్టిన చీరలోటివే కదమ్మా?"

వీడియో మళ్లీ చూశాను. చీరలో పచ్చంతా పోయింది గానీ, జరీ పిందెలు ఒక్కటీ పోలేదు. ఆవు ఎటు తిరిగితే అటు గుంపుగా వెంటపడుతున్నాయి.

సాయంత్రం బస్సు దిగి వస్తూనే స్వర్ణ అడిగింది. "ఏమప్పా, ఆవు యెనకాల అవేంది?"

"నక్షత్రాలు."

"పట్టపగలా?"

"గ్రాఫిక్సులో అంతే స్వర్ణా."

"సూడప్పా, పచ్చయితే పోతాది. స్వర్ణం యాడికి పోతాది?" అంటూ బీరువా తెరిచింది.

తిట్టలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. చీర తీసుకుని నేరుగా వీధి చివర దర్జీ నూర్ అహ్మద్ దగ్గరికి వెళ్లింది.

ఆదివారం కుప్పంలో ఆవిడ పాత చీరలోనే దర్జాగా తిరిగింది. కొత్త పట్టు నా ఒంటిమీదుంది, పొడుగు చేతుల చొక్కాగా. "మా అమ్మ పెట్టిన పట్టు. పారేస్తామా యేంది?" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది.

భోజనాలయ్యాక మిగిలిన చీరముక్కను దారంతో గోడకు కట్టించి, నన్ను దాని ముందు నిలబెట్టి, నడుం పైభాగమే కనబడేలా ఫోను పట్టింది. "చేతులు యెనక్కి పెట్టుకో. అట్లే కొంచెం ఊగు."

క్షణంలో వీడియో గ్రూపులోకి వచ్చింది. ఆకాశం, బంగారు మామిడి పిందెలు, వాటి నడుమ మొండెం లేని నా తలకాయ ఊగుతూ పోతోంది. బంధువులందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నీలిమ ఫోను లాక్కుని చూసి, చంకలో పెట్టుకొచ్చిన ఆవుబొమ్మను మూలకు విసిరేసింది.

"అమ్మా, ఇంగ ఆవొద్దు. దినామూ నాయన్నే ఎగిరిద్దాం!"