నడవని ట్రాం వల్ల లాభాలు

బండి అంటే నడవాలనే పిచ్చి జనానికి ఎందుకో నాకు అర్థం కాదు. నిలబడి ఉన్న బండికి ఆలస్యం లేదు, ప్రమాదం లేదు, చిల్లర తగాదా లేదు. ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పాత ట్రాముల పరిరక్షణ సంఘం వారు మా వీధికి వచ్చి నేర్పారు.

వాళ్లు రాకముందు నా చేతిలో ఉన్నది పదడుగుల గొడుగుల దుకాణం, దాని ముందు ఒక బస్టాపు. వాన ఎంత తొందరగా వచ్చి, బస్సు ఎంత ఆలస్యంగా వస్తే నాకు అంత బేరం. ఆ రెండింటి మీదే ఇరవై రెండేళ్లు ఇల్లు గడిచింది. ఎంత అల్పమైన బతుకో చూడండి!

సంఘంలో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. అధ్యక్షుడు రిటైరైన ఆడిటరు, కార్యదర్శి పళ్ల డాక్టరు. ఏదో షెడ్డులో తుప్పుపట్టిన ట్రామును తెచ్చి, మా వీధిలో మిగిలిన పాత పట్టాల మీద నిలబెట్టారు. దానికి ఏ ఆకుపచ్చ వేయాలన్న చర్చ పద్నాలుగు నెలలు సాగింది. లేత రంగు వర్గం, ముదురు రంగు వర్గం మాటలు మానేశాయి. చివరికి ఒక పక్క అది, ఇంకో పక్క ఇది వేశారు. ఇంత ప్రజాస్వామ్యం మీరు ఏ బస్సులో చూశారు?

నెలకో ఆదివారం ట్రాం నడుస్తుంది. కరెంటు తీగలు లేవు గనుక సభ్యులే వెనక నుంచి తోస్తారు. నలభై అడుగులు ముందుకి, నలభై అడుగులు వెనక్కి. ఎవరినీ ఎక్కనివ్వరు. ఎక్కితే చెప్పులకు చెక్క గీరుకుపోదూ?

ఒకసారి ఓ ముసలి కండక్టరు వచ్చి మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"ఆగండి తాతగారూ, ఎక్కకూడదు," అన్నాడు పళ్ల డాక్టరు.

"ముప్పై ఏళ్లు ఇందులోనే టిక్కెట్లు కొట్టాను నాయనా."

"తెలుస్తూనే ఉంది. ఈ అరుగుదలంతా మీ పుణ్యమే."

ఫోటోల్లో ట్రాంకు బస్సు అడ్డం వస్తోందని సంఘం అర్జీ పెట్టి, మా బస్టాపును మూడు వీధుల అవతలికి పంపించింది. అంత దూరం నడిచి బస్సెక్కే ఓపిక ఎవరికుంది? ఎక్కేవాళ్లు తగ్గారు. నా దుకాణంలో ఈగలు కూడా వాలడం మానేశాయి.

"వాళ్లు తోస్తున్నది ట్రామును కాదు, మనల్ని," అంది మా ఆవిడ. "వెళ్లి అడగండి."

సభకు వెళ్లాను. బస్టాపు వెనక్కి రాకపోతే దుకాణం మూసుకోవాల్సిందేనని చెప్పుకున్నాను. అధ్యక్షుడి కళ్లు చెమర్చాయి.

"మాకు మాత్రం బస్సంటే ప్రేమ లేదా? ముందు దాన్ని పూర్తిగా ఆగిపోనివ్వండి. ఆ తర్వాత ఎలా చూసుకుంటామో చూడండి."

మాట తప్పే మనుషులు కారు. జనం లేరని బస్సుల ఆఫీసు ఆ బస్సును తీసేసిన వారానికే, దాన్ని కాపాడటానికి ఉపసంఘం వేశారు. నా దుకాణం మూతపడ్డ మర్నాడే మా ఇంటికి వచ్చి, నాచేత దుకాణం తలుపులు తీయించారు. ఇన్నేళ్లలో ఒక్క గొడుగు కొనని పెద్దమనుషులు టేపు పెట్టి నా కౌంటరు కొలిచారు. బూజు దులపొద్దన్నారు. చివరి బస్టాపు దుకాణంగా దాన్ని భద్రపరుస్తారట. నెలకో ఆదివారం నేను కౌంటరు వెనక కూర్చోవాలి. అమ్మకాలు మాత్రం చేయకూడదు.

"మరి నాకేమిస్తారు?" అన్నాను.

"మన సంఘంలో జీతాలు ఉండవు కదండీ," అన్నాడు ఆడిటరు, నొచ్చుకుంటూ.

అయినా లాభం లేకపోలేదు. వ్యాపారం చేసినన్నాళ్లు నన్ను ఒక్కడూ ఫోటో తీయలేదు. మూతపడ్డాక మొదటి ఆదివారమే రెండు వందల ఫోటోలు తీశారు. మంచి కాగితం మీద అచ్చువేయించి, డబ్బాలో పెట్టి మరీ ఇచ్చారు. ఆ డబ్బా మా ఆవిడ పొయ్యి పక్కన పెట్టుకుంది. వీటిలో ఏది వండమంటారని రోజూ అడుగుతోంది.