ప్రోస్టేటు గుట్టు

యాభై దాటిన మగవాడికి ప్రోస్టేట్ పరీక్ష ఎందుకండీ? చేయించుకోకపోతే ఎన్ని లాభాలో మీకు తెలియదు!

నన్నే చూడండి. ఛత్రినాక నుంచి చార్మినార్ దాకా ఏ హోటల్ వెనక బాత్రూం ఉందో, దేనికి గడియ పడదో నాకు కంఠతా వచ్చు. ఈ జ్ఞానం ఏ ఫోనులో దొరుకుతుంది? గంటకు మూడుసార్లు లేచి నడుస్తాను కనుక వాకింగ్ అక్కర్లేదు. ఏ పెళ్లికి వెళ్లినా తలుపు పక్క కుర్చీ నాదే. గాలికి లోటు లేదు.

ఈ వైభోగంలో నాకొక జతగాడు ఉండేవాడు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం దస్తగీర్ భాయ్. ఇద్దరం కలిసి చాయ్ తాగేవాళ్లం, కలిసే పరుగెత్తేవాళ్లం. డాక్టర్ ఇద్దరికీ ఒకే రోజు రక్తపరీక్ష చీటీలు రాసిచ్చాడు. అవసరమైతే వెనక నుంచి వేలితో నొక్కి కూడా చూస్తానన్నాడు. అంతే, చీటీలు జేబుల్లో పెట్టుకుని ఇద్దరం మగతనంగా మౌనం పాటించాం.

చెడగొట్టింది ఆయన భార్య బిల్కీస్. నాకూ తగలాలని కాబోలు, దుకాణంలో తెలుగులోనే అందుకుంది.

"పొద్దుగాల సంది ఆడోళ్ల చేతులు నొక్కి నొక్కి గాజుల సైజు చెప్తవ్. గా డాక్టర్ నిన్ను ఒక్క నిమిషం నొక్కి చూస్తనంటే నీ ఇజ్జత్ పోతదా?"

"జర చుప్ ఉండు. గిరాకీ ఉన్నరు."

"ఉండనీ. ఆళ్ల ఇండ్లల్ల గూడ నీ అసొంటోళ్లే ఉంటరు."

మర్నాడే ఆయన్ను లాక్కుపోయింది. రక్తపరీక్షలో ప్రోస్టేట్ అంకె ఎక్కువ వచ్చింది. మిగతా పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. చిన్నదే, గ్రంథి దాటలేదు. "మంచి టైంల వచ్చిన్రు" అన్నాడట డాక్టర్. వైద్యం అయింది, మనిషి దుకాణంలో కూర్చున్నాడు.

మొన్న చాయ్ సగంలో వదిలి నేను పరుగెత్తి వచ్చేసరికి, ఆయన తీరిగ్గా రెండో కప్పు తాగుతున్నాడు. ఎంత ద్రోహం!

"అన్నా, నీ చీటీ ఏమాయె?"

"మా ఇంటామె అంగితోని ఉతికింది భాయ్."

"పోయిన నెల గూడ గదే చెప్పినవ్."

నిజమే. డాక్టర్ మూడు చీటీలు రాశాడు, మూడూ ఉతుకులోనే పోయాయి. పాపం, మా ఆవిడ జేబులు తడిమే ఉతుకుతుంది. అందుకే నేను వాటిని చిన్నగా మడిచి, లోపలి జేబులో దాచి మరీ బట్టల్లో వేశాను. తెలియనంత కాలం నాకేమీ లేనట్టే కదా?

నిన్న దస్తగీర్ భాయ్ నాలుగో చీటీ రాయించి తెచ్చాడు. లామినేషన్ చేయించాడు. నేరుగా మా ఆవిడ చేతికిచ్చాడు.