బావగారి పన్ను ఎగవేత

"మేధావి అనేవాడు షతాబ్దానికి ఒక్కడే పుడతాడు బామ్మర్దీ," అన్నాడు బావ అద్దంలో తనను తాను చూసుకుని మురిసిపోతూ. "ఈ షతాబ్దానికి ఆ పని అయిపోయింది. ఇంకెవరూ ప్రయత్నించక్కర్లేదు."

ఆ మాట అనడంలో పడి ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే మరిచిపోయాడు. కాలిన వాసన పసిగట్టింది మాత్రం పక్క గదిలో ఉన్న అక్క.

మా బావ వృత్తిరీత్యా ఇంగ్లీషు మాస్టారు, ప్రవృత్తిరీత్యా అపరాధ పరిశోధకుడు. ఈ పరాయి దేశంలో, చెప్పుల దుకాణం పైఅంతస్తులో నడిచే ఒక ఇంగ్లీషు బడిలో మా ముగ్గురికీ కొలువు. పొద్దున పిల్లల క్లాసులు అక్కవి, సాయంత్రం పెద్దల క్లాసులు బావవి, మధ్యలో మిగిలినవన్నీ నావి. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది బావే కాబట్టి, జీతం లేని రెండో ఉద్యోగం ఆయన దగ్గరే చేస్తున్నాను. అసిస్టెంట్ డిటెక్టివ్‌ని.

అంతవరకూ ఆయన ఛేదించిన కేసుల్లో చెప్పుకోదగ్గది స్టాఫ్‌రూమ్‌లో డస్టర్ మాయమైన కేసు. అందరి సంచులూ వెతికించి, వాచ్‌మన్ చేత కన్నీళ్ళు పెట్టించి, తీరా అది తన కోటు జేబులోనే దొరికితే, "దొంగ నాకు భయపడి ఇక్కడ పడేషి పారిపోయాడు," అని కేసు మూసేశాడు.

ఈ 'ష' గొడవేమిటో చెప్పాలి. బావకు కింది దవడలో ఒక పన్ను పుచ్చిపోయింది. బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి నాలుకను పక్కకు నెట్టేయడంతో, నోట్లోంచి బయల్దేరిన ప్రతి 'స', ప్రతి 'శ' బయటికొచ్చేసరికి 'ష' అయ్యేది. పన్ను పీకించుకోమని అక్క బతిమాలింది, తిట్టింది, మాట్లాడ్డం మానేసింది. బావ కదలలేదు. ప్రాణాలకు తెగించి నేరస్థులను వెంటాడతానని చెప్పుకునే మనిషికి పళ్ళ డాక్టరు కుర్చీ పేరు చెబితే చెమటలు పట్టేవి.

"నొప్పి ఉంటేనే మెదడు షానబట్టినట్టు ఉంటుంది," అనేవాడు బుగ్గలో లవంగం దోపుకుంటూ.

ఆ నొప్పేదో ఆయన ఒక్కడితో పోతే మాకు ఇబ్బంది ఉండేది కాదు. పెద్దల క్లాసులో ఉన్నవాళ్ళు ఆయన ఎలా పలికితే అలా పలికే భక్తులు. ఒకరోజు ప్రిన్సిపాల్ మేడమ్ క్లాసు చూడ్డానికి వచ్చారు. అందరూ మర్యాదగా లేచి నిలబడి, కుర్చీ చూపించి, "ప్లీజ్ షిట్ డౌన్ మేడమ్," అన్నారు ఏకకంఠంతో.

ప్రిన్సిపాల్ మేడమ్ కూర్చోలేదు. నన్నూ అక్కనూ తన గదికి పిలిపించుకున్నారు.

"త్వరలో నోటి పరీక్ష పెట్టడానికి బయటి నుంచి పరీక్షాధికారి వస్తున్నారు," అన్నారావిడ. "ఆయన్ని కూడా ఇలాగే కూర్చోబెడితే క్లాసు మొత్తం పోతుంది. దాంతోపాటు మీవారి ఉద్యోగమూ పోతుంది. మీ ఇల్లు కూడా బడి ఇచ్చిందే అని గుర్తుపెట్టుకోండి."

"పోనీ, పరీక్ష అయ్యేదాకా ఆ క్లాసు మా తమ్ముడికి ఇవ్వండి మేడమ్," అంది అక్క.

"నేను అడగలేదనుకున్నారా? వాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఆయనే కావాలంటున్నారు."

అది నిజం. బావను ఎన్నయినా అనవచ్చు కానీ, పాఠం చెప్పడంలో ఆయనకు గడియారం తెలియదు. ఆ క్లాసులో ఒక ట్యాక్సీ డ్రైవర్ ఉన్నాడు. విమానాశ్రయం స్టాండులో బండి పెట్టాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. అప్పటికే ఒకసారి తప్పాడు. క్లాసయ్యాక బావ అతని పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిరుగుతూ, కనబడిన ప్రతి బోర్డూ చదివించేవాడు. ఎర్రలైటు పడితే వ్యాకరణం, పచ్చలైటు పడితే ఉచ్చారణ. వెనక సీట్లో అసలు ప్రయాణికులు దిగాల్సిన చోటు దాటిపోయి గోల పెట్టినా ఆయనకు వినబడేది కాదు.

అందుకే, బావ పన్ను ఎలాగైనా పీకించాలని అక్కా నేనూ పన్నిన కుట్రలో ఆ క్లాసులో ముఖ్యులు సంతోషంగా చేరారు. ముందు వరసలో కూర్చుని బావ బుగ్గవంకే చూస్తుండే పళ్ళ డాక్టరు, లాండ్రీ నడిపే ఆవిడ, ట్యాక్సీ డ్రైవర్. ఆదివారం క్లాసు మొత్తం చెరువు దగ్గరికి పిక్నిక్ వెళ్తుంది. డాక్టరు క్లినిక్ ఆ పక్క వీధిలోనే. భోజనాలయ్యాక, క్లినిక్‌లో ఏదో అంతుచిక్కని దొంగతనం జరిగిందని చెప్పి బావను ట్యాక్సీ ఎక్కించాలి. మిగతాది డాక్టరు చూసుకుంటాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. శుక్రవారం సాయంత్రం నేనూ బావా క్లాసుకు వెళ్తుంటే, సగం తెరిచిన తలుపు వెనక నుంచి గుసగుసలు వినబడ్డాయి. బావ టక్కున ఆగి నన్ను గోడకు అదిమాడు.

"షండే," అంటున్నాడు డాక్టరు లోపల, బావ నేర్పిన ఇంగ్లీషులో. "తిన్న తరవాత. ఒక్క సూది వేస్తాను. ఆ పైన ఏమీ తెలియదు."

"చేతులు నేను పట్టుకుంటాను," అన్నాడు ట్యాక్సీ డ్రైవర్.

"రక్తం వస్తుందేమో," అంది లాండ్రీ ఆవిడ. "వస్తే రానివ్వండి. బట్టలు నేను ఉతికేస్తాను."

వాళ్ళను హెచ్చరిద్దామని దగ్గబోయాను. సుద్దపొడి అంటిన చేత్తో బావ నా నోరు మూసేశాడు.

"విన్నావా?" అన్నాడు చెవిలో. "ఉచ్చారణ బ్రహ్మాండంగా కుదిరింది. ఉద్దేషమే మంచిది కాదు."

"వాళ్ళేదో పిక్నిక్ గురించి మాట్లాడుకుంటున్నారు బావా."

"పిక్నిక్‌లో రక్తం ఎందుకొష్తుంది? ఇది హత్య. పకడ్బందీగా వేషిన పథకం. ఎవరిని చంపబోతున్నారన్నదే తేలాలి."

అది తేలడానికి కారణం నేనే. ఇంటికి రాగానే బాల్కనీలోకి వెళ్ళి, బజారుకు వెళ్ళిన అక్కకు ఫోన్ చేశాను. "జాగ్రత్త అక్కా, పన్ను సంగతి బావకు తెలియకూడదు. ఆదివారం ఎలాగైనా తేల్చేద్దాం," అని చెప్పి వెనక్కి తిరిగేసరికి, ఆరేసిన దుప్పటి వెనక నుంచి బావ తల బయటికొచ్చింది.

"ఏ పన్ను?" అన్నాడు.

నాకు అబద్ధం తొందరగా తట్టదు. "అదే, ఆదాయప్పన్ను," అన్నాను.

బావ కళ్ళు మెరిశాయి. గదిలో అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి కిటికీ దగ్గర ఆగి, వీధిలో పోయే కుక్కను తీక్షణంగా చూస్తూ అన్నాడు. "అంతా అర్థమైంది. మన క్లాషులో వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?"

"పన్నుల ఆఫీసు గుమస్తా."

"ఎప్పుడైనా నోరు విప్పాడా?"

"లేదు."

"ఎందుకు విప్పడు? ఏదో తెలుషు కాబట్టి. డాక్టరూ, లాండ్రీ, ట్యాక్షీ ముగ్గురూ కలిషి పన్ను ఎగ్గొట్టారు. అది ఆ గుమష్తా కనిపెట్టాడు. అందుకని అతన్ని చెరువు దగ్గర లేపేయబోతున్నారు."

"మరి మేము మాట్లాడుకున్న పన్ను?"

"మీ అక్క పన్ను కట్టడం మరిచిపోయి ఉంటుంది. అది చిన్న కేషు, తరవాత చూద్దాం."

ఆదివారం బావ మారువేషంలో వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, చెవులు కప్పేలా మఫ్లర్, దాని మీద టోపీ. చెట్టుకింద దుప్పట్లు పరుస్తున్న విద్యార్థులంతా తలెత్తి, "గుడ్ మార్నింగ్ షర్," అన్నారు.

"ఎవరో చెప్పేషారు," అన్నాడు బావ నావైపు అనుమానంగా చూసి.

ఆ తరవాత గుమస్తాను నీడలా పట్టుకున్నాడు. అతను కూర్చుంటే పక్కన కూర్చున్నాడు, లేస్తే లేచాడు, చేతులు కడుక్కోవడానికి వెళ్తే తుండుగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. పాపం ఆ మనిషి మొహమాటస్తుడు. మాస్టారు తనమీద ఇంత ప్రేమ ఎందుకు కురిపిస్తున్నారో తెలియక ఇబ్బందిగా నవ్వుతూ ఉండిపోయాడు. భోజనాల దగ్గర అతని పళ్ళెంలోది ప్రతిదీ బావ ముందు కొరికి చూశాడు. రొట్టె ముక్క పుచ్చుపన్నుకు తగిలినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విషం లేదు," అన్నాడు నాతో తెలుగులో. "ఉప్పు ఎక్కువైంది."

"షర్," అన్నాడు గుమస్తా మెల్లగా, ఖాళీ అయిపోతున్న పళ్ళెం చూసుకుంటూ. "ఐ యామ్ హంగ్రీ."

ఆ క్లాసులో అతను నోరు విప్పడం అదే మొదలు. బావ గుండె మీద చెయ్యి వేసుకుని నావైపు తిరిగాడు. "చూషావా, మనమంటే నమ్మకం కుదిరింది. ఇంకాషేపట్లో అన్నీ చెప్పేష్తాడు."

అక్క కళ్ళతో సైగ చేసింది. ట్యాక్సీ డ్రైవర్ బండి తీసుకురావడానికి వెళ్ళాడు. అంతా అనుకున్నట్టే జరిగిపోయేదేమో కానీ, బావ వేళ్ళు కడుక్కుని వచ్చేలోపు గుమస్తా, ఈ సంరక్షణ నుంచి కాసేపైనా తప్పించుకుందామని కాబోలు, ఒడ్డున ఉన్న చిన్న పడవ ఎక్కేశాడు. పడవలంటే సరదా పడే డాక్టరు కూడా ఎప్పుడూ వదలని తన పనిముట్ల సంచీతో సహా ఎక్కి తెడ్డు అందుకున్నాడు.

బావ తిరిగొచ్చేసరికి పడవ ఒడ్డు వదిలింది.

"సూది ఆ సంచీలోనే ఉంది" అని నేనెందుకు నోరు జారానో ఇప్పటికీ తెలియదు. గాభరాలో అనేశాను.

బావ కళ్ళద్దాలు తీసి పారేశాడు. ఆయనకు ఈత రాదు. నీళ్ళంటే భయం కూడా. ఒడ్డున నిలబడి ఒక్క క్షణం చెరువువంక చూశాడు. "ష్టాప్," అని అరిచి దూకేశాడు.

"ఏమండీ," అని కేక పెట్టి అక్క పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. బావ మునిగాడు, తేలాడు, మఫ్లర్‌తో పెనుగులాడాడు. డాక్టరు కంగారుగా పడవ వెనక్కి తిప్పాడు. ఆ తిప్పడంలో పడవ అంచు వచ్చి సరిగ్గా బావ దవడకు తగిలింది. ఠప్పుమన్న చప్పుడు ఒడ్డుదాకా వినబడింది. గుమస్తా వంగి ఆయన కాలరు పట్టుకుని పైకి లాగాడు. లాగాక చూస్తే అక్కడ నీళ్ళు నడుముల్లోతు కూడా లేవు.

బావ నిలబడ్డాడు. నోట్లో ఏదో అడ్డం పడినట్టు మొహం చిట్లించి, అరచేతిలోకి ఉమ్మాడు. ఆ ఉమ్మింది చూసుకోకుండానే, తడిసిన వేలు డాక్టరువైపు చాపి ఉరిమాడు.

"స్టాప్."

అక్క పరిగెత్తుతున్నదల్లా ఆగిపోయింది. తరవాత, క్లాసులో అలవాటైనట్టే, ఒడ్డున ఉన్న విద్యార్థులంతా కలిసి పలికారు. "స్టాప్."

డాక్టరు పడవలోంచి దిగి, బావ అరచేతిలోది రెండు వేళ్ళతో తీసి వెలుగుకు పెట్టి చూశాడు. చాలాకాలంగా కావాల్సిన మనిషి ఎదురుపడ్డట్టు చిరునవ్వు నవ్వాడు. "నా వంతు పని లేకుండా చేశారు," అన్నాడు.

గట్టున కూర్చోబెట్టి, నోటికి దూది అదిమిపెట్టి, అక్క అసలు సంగతంతా చెప్పింది. బావ తల వంచుకుని విన్నాడు. చివర్లో మెల్లగా అడిగాడు.

"అయితే పన్ను ఎగవేత ముఠా లేదంటావా?"

"లేకేం. ఇన్నాళ్ళూ పన్ను ఎగ్గొట్టింది మీరే," అంది అక్క. కోపంగానే అంది కానీ, కొంగుతో ఆయన తల తుడుస్తూ అంది. "ఈత రాదని తెలిసి ఎందుకు దూకారు?"

"అతను నా స్టూడెంటు కదే," అన్నాడు బావ.

పరీక్షలోపు ఆ క్లాసు ఒక యజ్ఞమే చేసింది. నేర్పిన 'ష'లన్నీ బావ ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాడు. లాండ్రీలో బట్టలు మడతపెడుతూ ఆవిడ చేత 'సోప్' అనిపించాడు. ఒకరి నోట్లో పళ్ళు చూస్తున్న డాక్టరు చేత 'స్మైల్' అనిపించాడు. ట్యాక్సీలో మళ్ళీ ఊరంతా తిరిగాడు. గుమస్తా కూడా ఇప్పుడు మాట్లాడుతున్నాడు. పళ్ళెం దగ్గర మొదలైన మాట ఆగలేదు.

పరీక్ష రోజు ట్యాక్సీ డ్రైవర్ వంతు వచ్చినప్పుడు బావ వరండాలో నిలబడలేక తలుపుకు చెవి ఆనించాడు. నేనూ ఆనించాను.

"మీ టీచరు గురించి చెప్పండి," అన్నాడు పరీక్షాధికారి లోపల.

బావ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"హీ సీస్ నథింగ్," అన్నాడు డ్రైవర్ నిదానంగా. అతని ఇంగ్లీషుకు నా తెలుగు ఇదీ. మా టీచరుకు ఏమీ కనిపించదు. తన జేబులో ఏముందో తనకే తెలియదు. ఈత రాదు, అయినా మాలో ఒకణ్ణి కాపాడ్డానికి నీళ్ళలో దూకాడు. ఆ పూట నీళ్ళు లోతు లేవు. కానీ లోతు లేదని ఆయనకు తెలియదు.

పరీక్షాధికారి నవ్వు వినబడింది. తరవాత, "చాలు, మీరు పాసయ్యారు," అన్న మాట వినబడింది.

నేను బావవంక చూడ్డానికి జంకాను. శతాబ్దానికి ఒక్కడైన మనిషి తన గురించి ఆ మాట తన చెవులతోనే విన్నాడు. చూస్తే ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమీ అనుకోకండి బావా," అన్నాను.

"అనుకోవడం ఏమిటి?" అన్నాడు బావ. "సీస్ నథింగ్. ఆ 'స' విన్నావా, ఎంత శుభ్రంగా పలికాడో."