ఏడంగుళాల గజాయం

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు గోపీకృష్ణ కాఫీ గ్లాసుతో భోజనాల బల్ల ముందు కూర్చున్నప్పుడు అతని ప్రణాళిక చాలా క్లుప్తమైనది. మధ్యాహ్నంలోగా ఏఆర్ పిస్టల్ బిగించడం, తిని పడుకోవడం, ఆదివారం హామిల్టన్ వెళ్ళి తోడల్లుడు శ్రీరామ్‌ను ఓడించి రావడం. మార్కమ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పదకొండేళ్ళుగా ప్రణాళికలు వేయడమే ఉద్యోగంగా గలవాడికి ఇది బరువైన పని కాదు.

ఏఆర్ పిస్టల్ అనగానే పాఠకులు కలవరపడనవసరం లేదు. అసలైనది కెనడాలో మామూలు గృహస్థు చేతికి వచ్చే వస్తువు కాదు. ఇది ఎయిర్‌సాఫ్ట్ అనే ఆటకు వాడే నమూనా. గ్యాసు ఒత్తిడితో బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుళికను చిమ్ముతుంది. ఒంటికి తగిలితే చీమ కుట్టినట్టుంటుంది. పరువుకు తగిలితే మాత్రం ఏడాదిదాకా మానదు.

గోపీకృష్ణ పరువుకు కిందటి ఏడాదే తగిలింది. ఆట ముగిశాక రెండు కుటుంబాలూ కలిసి చేసే భోజనంలో ఓడిన అల్లుడు ఏప్రన్ కట్టుకుని గెలిచిన అల్లుడికి వడ్డించాలన్నది వారి మధ్య నియమం. పెద్దల్లుడు నడుం వంచి నిలబడగా చిన్నల్లుడు శ్రీరామ్ "కొంచెం నెయ్యి, అన్నయ్యా. మొహమాటపడకు" అని నాలుగుసార్లు అడిగి వేయించుకున్నాడు. అప్పుడు చూసినవారు భార్యలిద్దరే. ఈసారి కాకినాడ నుంచి అత్తమామలు కూడా వచ్చి ఉన్నారు. వారి కళ్ళెదుట మళ్ళీ ఆ ఏప్రన్ కట్టుకోవలసి వస్తే పెద్దల్లుడన్న మాటకు ఇక అర్థం మిగలదని గోపీకృష్ణ భయం.

అందుకే అతడు ఆరు వారాలు వీడియోలు చూసి రెండు నిర్ణయాలు చేసుకున్నాడు. బ్యారెల్ పది అంగుళాలు ఉండాలి. గ్యాసు చిన్న ఉక్కు గొట్టాల్లో దొరికే కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఈ నిర్ణయాలను మామగారి చెవిన వేయకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

మామగారు ఆంజనేయులు బాయిలర్ల తనిఖీ శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన అధికారి. ఇంట్లో కుక్కర్ మూడో కూత వేస్తే చేతి గడియారం చూసుకునే మనిషి. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళలోనూ అల్లుళ్ళకు ఒకే కంపెనీ గడియారాలు, ఒకే తానులోని సూటు గుడ్డ పెట్టి, ఉంగరాలను కంసాలి ఎదుట రెండుసార్లు తూయించినవాడు. అటువంటి మనిషి చొక్కా పై గుండీ వరకు పెట్టుకుని బల్ల దగ్గరకు వచ్చాడు.

"అల్లుడుగారూ, ఈ గొట్టం పొడవెంత?"

"పదంగుళాలు, మావయ్యగారూ."

ఆంజనేయులు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "పదిని ఎనిమిదితో భాగించండి. శేషం రెండు. రెండంటే ధూమాయం. మన గడపకూ మంచానికీ వాస్తులో చూస్తామే, ఆ ఆయం లెక్కే. పొగ! చేజేతులా పొగ తెచ్చుకుంటారా?"

"ఇందులోంచి పొగ రాదండీ."

"అయితే మరీ మంచిది కాదు. వస్తుందనుకున్నదే రాకపోవడం అన్నమాట." ఆయన బల్ల మీది పెన్సిల్ తీసుకున్నాడు. "ఎనిమిదైతే కాకాయం, వద్దు. ఏడు! ఏడంటే గజాయం. ఏనుగు. దానికి తిరుగులేదు."

గోపీకృష్ణ భార్య వైపు చూశాడు. సుగుణ దోసె తిరగేస్తూ, "నాన్న ఇంకో నెల్రోజులుంటారు, అంతేగా. ఒక్క మాట వింటే ఏం పోతుంది మీకు? షాపులో ఎక్స్‌చేంజ్ చేస్తారుగా" అంది.

"సరే, బ్యారెల్ మారుస్తాను. గ్యాస్ మాత్రం..."

"దానికే వస్తున్నాను. ఈ ఉక్కు గొట్టానికి పరీక్షా ప్రమాణపత్రం ఏది?"

"అలాంటివి ఉండవండీ. ఇంకో రకం ఉంది, గ్రీన్ గ్యాస్ అని. దాంట్లో ప్రెషర్ తక్కువ. కానీ చలికి బద్ధకిస్తుంది. రేపు రెండు డిగ్రీలంట."

"బద్ధకం వల్ల పేలిన బాయిలర్‌ను నా సర్వీసులో ఒక్కదాన్నీ చూడలేదు" అన్నాడు ఆంజనేయులు. "గ్రీన్ గ్యాసే వాడండి. మీరు తిరిగి వచ్చాక గ్యారేజీలో నా సమక్షంలో ఒత్తిడి పరీక్ష జరగాలి. అందుకు కావలసిన ఏర్పాట్లు నేను చూస్తాను."

ఏర్పాట్లంటే ఏమిటని గోపీకృష్ణ అడగలేదు. పెద్దవారిని అన్ని విషయాలూ అడగకూడదన్న పెంపకం అతనిది. షాపుకు వెళ్ళి పదంగుళాల బ్యారెల్ ఇచ్చేసి ఏడంగుళాలది తీసుకున్నాడు. మామగారి గ్రీన్ గ్యాసు కొన్నాడు. ఆయనకు తెలియకుండా కార్బన్ డయాక్సైడ్ మ్యాగజైన్, అంటే పిస్టల్‌కు తగిలించే గుళికల పెట్టె, ఒకటి కూడా కొని, కారు వెనక సీటు కింద, తడి గొడుగు చాటున దాచాడు. పెంపకం ఎంత గొప్పదైనా నెయ్యి వడ్డించిన చేతికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

ఈలోగా ఇంటి వద్ద ఆంజనేయులు తన ఏర్పాట్లు పూర్తి చేశాడు. ఒత్తిడి పరీక్షకు ముందు చుట్టుపక్కల వారికి లిఖితపూర్వకంగా తెలియజేయడం ఆయన శాఖలో విధి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాటించిన విధిని సముద్రాలు దాటినంత మాత్రాన వదిలిపెట్టే మనిషి కాదు. నిర్దుష్టమైన ఆంగ్లంలో ఒక నోటీసు టైపు చేసి, ఆరు ప్రతులు తీసి, చలికోటు వేసుకుని, ఆరు ఇళ్ళ తపాలా పెట్టెల్లో స్వయంగా వేసి వచ్చాడు. దాని సారాంశం ఇది:

"ఈ నివాసమందు పొట్టి బ్యారెల్ గల ఏఆర్ తరహా పిస్టల్ ఒకటి నిర్మాణంలో ఉన్నదనియు, దాని గ్యాస్ వ్యవస్థను ఈ మధ్యాహ్నం మూడు గంటలకు గ్యారేజీలో పరీక్షించెదమనియు ఇరుగుపొరుగు వారికి ఇందుమూలముగా తెలియజేయడమైనది. శబ్దం వినిపించినచో ఆందోళన చెందవలదు. అభ్యంతరములున్నచో మధ్యాహ్నం రెండున్నరలోగా తెలుపవలెను."

ప్లాస్టిక్ గుళికల సంగతి అందులో లేదు. అనవసరమైన వివరాలు నోటీసులో ఉండకూడదని ఆయన అభిప్రాయం.

గోపీకృష్ణ తన వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు రెండు పోలీసు కార్లు ఉన్నాయి. వాకిట్లో ఇద్దరు అధికారులు, వారి ఎదుట నిటారుగా ఆంజనేయులు. ఆయన ముఖంలో భయం లేదు సరికదా, వెలుగుంది.

"రండి అల్లుడుగారూ! నా సర్వీసు మొత్తంలో నోటీసుకు ఒక్కరూ స్పందించలేదు. ఇక్కడ నలభై నిమిషాల్లో వచ్చారు. వ్యవస్థ అంటే ఇదీ!"

గోపీకృష్ణ రెండు చేతులూ కనబడేలా పెట్టుకుని కారు దిగాడు. నోటీసు ప్రతి చేతిలో పట్టుకున్న మహిళా అధికారి, "సర్, దీని గురించి మాట్లాడదామా?" అని మర్యాదగా అడిగింది. "ఎయిర్‌సాఫ్ట్ అండీ, ఆట సామాను, ప్లాస్టిక్ బాల్స్" అని అతడు మూడుసార్లు చెప్పి, బల్ల మీద విడి భాగాలుగా ఉన్నదాన్ని చూపించాడు. ఆమె వంగి చూసి, గుళికల సీసా ఆడించి చూసి, చాలాసేపటికి ఊపిరి వదిలింది.

"దీన్ని మూసిన పెట్టెలో మాత్రమే బయటికి తీసుకెళ్ళండి. గ్యారేజీలో, వాకిట్లో కాల్చొద్దు. ఉత్తరాలు కూడా ఇక చాలు."

"అంటే పరీక్షకు అనుమతి నిరాకరించారన్నమాట" అని ఆంజనేయులు సగౌరవంగా నోట్ చేసుకున్నాడు.

"ఒక్క ప్రశ్న" అంది ఆమె. "పొడవు ఏడంగుళాలే ఎందుకు?"

ఆంజనేయులు ఏనుగు, పొగ, కాకి గురించి పదకొండు నిమిషాలు వివరించాడు. ఆమె నాలుగో నిమిషం దగ్గర రాసుకోవడం మానేసింది.

"కారులో ఇంకేమైనా ఉన్నాయా, సర్?" అని రెండో అధికారి అడిగాడు. పోలీసులకు అబద్ధం చెప్పే ధైర్యం గోపీకృష్ణకు లేదు. వెనక సీటు కింద చెయ్యి పెట్టి, గొడుగు తొలగించి, కార్బన్ డయాక్సైడ్ మ్యాగజైన్ బయటికి తీశాడు. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదీ ఆటదే. పర్వాలేదు" అని తిరిగి ఇచ్చాడు.

చట్టం ఒప్పుకుంది. మామగారు ఒప్పుకోలేదు.

"గోపీకృష్ణగారూ" అన్నాడు ఆంజనేయులు. అల్లుడుగారూ అనలేదు. "ఇది ఏమిటి?"

"అంటే... స్పేర్‌గా ఉంటుందని..."

"గొడుగు కింద?"

ఆ వస్తువు ఐదు నిమిషాల్లో ఆంజనేయులు సూట్‌కేసులోకి, దాని తాళంచెవి ఆయన మొలతాడుకూ చేరాయి. "ఏంటండీ ఇది, ఆ అబ్బాయి ముచ్చట పడి కొనుక్కున్నది" అని అత్తగారు సీతాదేవి అడిగితే, "ప్రమాణపత్రం చూపించి తీసుకుపొమ్మను" అని ఒకే మాట చెప్పాడు.

ఆదివారం హామిల్టన్ శివార్ల మైదానంలో ఉష్ణోగ్రత సరిగ్గా రెండు డిగ్రీలు. మూసిన పెట్టెలోంచి గజాయపు పిస్టల్ బయటికి వచ్చింది. జట్టు సభ్యులంతా ఒకరినొకరు ఏరివేసుకుంటుండగా కెప్టెన్లయిన తోడల్లుళ్ళిద్దరూ గుళికలు వృథా చేయకుండా పాత టైర్ల గుట్టల వెనుక గంటసేపు మాటు వేశారు. చివరికి చెరో వైపు ఒక్కరే మిగిలారు. తాడు అవతల కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని అత్తమామలు, వారి పక్కన సుగుణ, ఆమె చెల్లెలు, శ్రీరామ్ భార్య మృదుల.

గోపీకృష్ణ ఒక్క ఉదుటున లేచాడు. పది అడుగుల దూరంలో శ్రీరామ్ నిలువెత్తున దొరికిపోయాడు. ఏడాది నాటి నెయ్యి గిన్నె కళ్ళముందు మెదిలింది. గురి చూసి నొక్కాడు.

తుపాకీ "ఉస్సూ"మంది. గుళిక బయటికి వచ్చి, చుట్టూ ఒకసారి చూసినట్టు ఆగి, అతని బూటు మీద పడింది.

"అయిపోయావ్ అన్నయ్యా!" అంటూ శ్రీరామ్ తన పిస్టల్ ఎత్తి నొక్కాడు. అది "ఉస్సూ" అని కూడా అనలేదు.

ఇద్దరూ ఇంకోసారి నొక్కారు. తుపాకులను చంకల్లో పెట్టుకుని వేడి చేసి మళ్ళీ నొక్కారు. అప్పుడు గోపీకృష్ణ చూపు ఎదుటివాడి చేతి మీద పడింది.

"శ్రీరామ్, నీ బ్యారెల్ ఎంత?"

"ఏడు."

"గ్యాస్?"

"గ్రీన్." శ్రీరామ్ ముఖం మెల్లగా పాలిపోయింది. "నిన్న పదకొండింటికి మావయ్యగారు ఫోన్ చేసి అరగంట చెప్పారు. నాది పన్నెండంగుళాలు అంటే, శేషం నాలుగు, శ్వానాయం, కుక్కబతుకు అన్నారు. పరిగెత్తుకెళ్ళి మార్చా. నీకూ చెప్పారా?"

ఇద్దరూ ఒకేసారి తాడు వైపు తిరిగారు. ఆంజనేయులు దుప్పటిలోంచి చెయ్యి తీసి ఇద్దరికీ సమానంగా ఊపాడు.

"అల్లుళ్ళ మధ్య తేడా చూపించడం నా అలవాటు కాదు" అని అక్కడినుంచే కేక వేశాడు.

గడువు ముగిసిందని రిఫరీ ఈల వేశాడు. ఆట సమం. మృదుల ఇంట్లో పులిహోర, ఆవడలు, ముద్దపప్పు సిద్ధంగా ఉన్నాయి. ఇద్దరల్లుళ్ళూ కుర్చీలు లాక్కుని కూర్చోబోగా సీతాదేవి అడ్డుపడింది.

"ఓడినవాళ్ళు వడ్డించాలని మీరు పెట్టుకున్న రూలేగా? గెలిచిందెవరో చెప్పండి బాబూ, వాళ్ళని కూర్చోబెడతాను."

ఇద్దరూ కుర్చీలు వదిలేశారు. మృదుల లోపలికి వెళ్ళి రెండు ఏప్రన్లు తెచ్చింది.

భోజనం సజావుగా సాగింది. పెద్దల్లుడు పప్పు, చిన్నల్లుడు పులిహోర వడ్డిస్తూ మామగారి విస్తరికి చెరో వైపు నిలబడ్డారు. ఆంజనేయులు ఇద్దరి చేతా నెయ్యి వేయించుకున్నాడు, చెరో రెండు గరిటెలు, తూకం తప్పకుండా. తరువాత చేతులు కడుక్కుని, జేబులోంచి పుస్తకం తీసి, తారీఖు వేసి, ఆ ఆదివారపు తనిఖీ నివేదికను తన నిర్దుష్టమైన ఆంగ్లంలో పూర్తి చేశాడు: "రెండు యూనిట్లను పరీక్షించడమైనది. పేలుడు సంభవించలేదు."