కట్టుడు పళ్ళకు కిటికీ సీటు

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా సులువైనది. ప్యాసింజరు బండి ఎక్కి జంక్షనులో దిగాలి. అక్కడ సిటీ బస్సు పట్టుకుని లోకల్ స్టేషనుకు చేరాలి. లోకల్ ఎక్కి పెద్ద స్టేషనులో దిగి, మామగారిని రికార్డింగు గదిలో కూర్చోబెట్టాలి. ఈ పథకంలో ఎక్కడా నిలబడటమన్న మాటే లేదు. నిలబడి ప్రయాణం చేయడం అతని ఇంటా వంటా లేదు మరి.

కరెంటు ఆఫీసులో అతను ఉత్త గుమాస్తా. బస్టాండులో మాత్రం మహారాజు. చుట్టపక్కాలంతా అతన్ని సీటు బావ అంటారు. కదిలే బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరితే అది వెళ్ళి కోరుకున్న సీటు మీద, మడత కూడా చెదరకుండా కూర్చుంటుంది. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ విద్య చూసి మురిసిపోయింది. ఈమధ్య మాత్రం, "ఆ గురేదో చదువు మీద పెట్టుంటే ఈపాటికి ఆఫీసరయ్యేవారు" అంటోంది.

ప్రయాణం మామగారిది. ఆయన పెద్ద స్టేషనులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. తాను మైకులో చెప్పకపోతే బండ్లకు తమ ప్లాట్‌ఫారమేదో తెలియదని ఆయన నమ్మకం. ఇప్పుడు రైల్వేవాళ్ళు ప్రకటనలన్నీ ఒకేసారి రికార్డు చేసి అన్ని స్టేషన్లలోనూ మోగిస్తారట. దానికి పాత అనౌన్సరుగారి గొంతే కావాలని కబురు చేశారు. అయితే రికార్డింగు బృందం ఆ ఒక్కరోజే ఉంటుంది, అదీ భోజనాల వేళ దాకానే. ఆలోగా రాకపోతే ఇంకెవరి గొంతో పెట్టేసుకుంటారు. రిటైరయ్యాక ఇంట్లో ఆయన మాట వినిపించుకున్న వాళ్ళు లేరు. ఆ కబురు విన్న సాయంత్రం ఆయన మేడ మీదికి వెళ్ళి, ఎవరూ చూడటం లేదనుకుని కళ్ళు తుడుచుకున్నారు. కూతురు చూసింది. ఆమెకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఉన్న చిక్కల్లా పళ్ళతోనే. అవి ఒక్కొక్కటిగా ఆయనకంటే ముందే రిటైరైపోయాయి. "నలుగురు పెద్దవాళ్ళ ముందు బోసినోటితో కూర్చుంటే మన పరువేం కాను?" అని కూతురు పట్టుబట్టి కొత్తగా కట్టుడు పళ్ళు చేయించింది. అవి వచ్చి వారమైంది. వాటితో ఆయన మాట్లాడుతుంటే గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ప్రతి అక్షరమూ ఖంగుమనేది.

ప్యాసింజరు బండి తన స్వభావం కొద్దీ కనపడిన ప్రతి స్తంభాన్నీ పలకరిస్తూ నడిచింది.

"బండి ఆలస్యమైతే ఎందుకైందో జనానికి చెప్పాలి. చెప్పే నాథుడేడీ? నా హయాములో అయితేనా..." అంటూ మామగారు వేయించిన పల్లీలు నోట్లో వేసుకున్నారు. మాట అక్కడే ఆగిపోయింది. పల్లీ బద్ద ఒకటి పళ్ళసెట్టు కిందికి దూరి చిగుట్లో గుచ్చుకుంది. ఆయన గోడవైపు తిరిగి పళ్ళు తీసేశారు. కూతురు వాటిని కడిగి, నీళ్ళడబ్బాలో వేసి, గుడ్డసంచీలో పెట్టి భర్త చేతికిచ్చింది.

"ప్రాణంలా చూసుకోండి. అక్కడికెళ్ళాక పెట్టుకుంటారు."

"నా చేతిలో పెట్టావు కదా, ఇంక మర్చిపో" అన్నాడు అల్లుడు.

మామగారు మహా అభిమానవంతులు. మైకు ముందు తప్ప బయటివాళ్ళ ముందు బోసినోటితో పెదవి విప్పరు. అల్లుడి జేబులోని రుమాలు లాక్కుని మూతికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటినుంచి కనుబొమలతోనే మాట్లాడసాగారు. చిన్నప్పటినుంచీ అలవాటు కాబట్టి కూతురు ఆ భాషను తడుముకోకుండా తెలుగులోకి మార్చేది. ఎడమ కనుబొమ ఒక్కటీ లేచింది. "నాన్న ఏమంటున్నారంటే, మీ మాట నమ్మి ఈ బండి ఎక్కడం బుద్ధితక్కువ అట" అంది.

జంక్షను బయట సిటీ బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. తలుపు దగ్గర జనం తేనెపట్టులా మూగారు. కిటికీ పక్కన మాత్రం ఒక సీటు, దాని పక్కనే ఇంకోటి ఖాళీగా కనిపించాయి. సీటు బావ ఒళ్ళు పులకరించింది. కుడిచెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. రుమాలు లేదు. అయితే ఎడమచేతిలో ఏదో ఉంది. ఆలోచన వచ్చేలోపే ఆ చెయ్యి తన పని తాను చేసేసింది. సంచీ గాలిలో తేలిపోయి కిటికీ సీటు నడిమధ్యన దిగింది. బతికిన బతుకులో అంత మంచి విసురు అతను విసరలేదు.

"దొరికింది!" అన్నాడు గర్వంగా వెనక్కి తిరిగి.

"ఏం వేశారు?"

"సంచీ."

"ఏ సంచీ?"

అతను ఖాళీ ఎడమచేతి వైపు చూసుకున్నాడు. మామగారి కనుబొమలు రెండూ నుదురు దాటి జుట్టులోకి వెళ్ళిపోయాయి. వాటికి తెలుగు చెప్పాల్సిన అవసరం కూతురికి కనపడలేదు. ముగ్గురూ తలుపు దగ్గరికి పరుగెత్తారు కానీ, అక్కడ కాలు పెట్టేందుకు కూడా చోటు లేదు. బస్సు వెళ్ళిపోయింది. పళ్ళు కిటికీ పక్కన కూర్చుని చల్లగాలికి పోతుంటే వాటి యజమాని రోడ్డు మీద నిలబడ్డారు.

అదృష్టంకొద్దీ వెనకే మరో బస్సు వచ్చింది. ఎక్కగానే అల్లుడు కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"కండక్టరుగారూ, ముందు బస్సులో మా సంచీ వెళ్ళిపోయిందండీ. కాస్త ఫోను చేసి జాగ్రత్త చేయమనండి, మీకు పుణ్యముంటుంది."

"ఏముంది సంచీలో?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. పళ్ళన్న మాట ఎత్తావో చూడు అన్నట్టు ఒక కనుబొమ కత్తిలా నిలబడింది.

"అదీ... చాలా ముఖ్యమైందండీ. ఈ పెద్దాయనది."

కండక్టరు పెద్దాయనను పరకాయించి చూశాడు. ఇస్త్రీ చెదరని నల్లకోటు, మూతికి అడ్డంగా రుమాలు, నిప్పులు కక్కే చూపు. "ఎవరండీ ఈయన?" అన్నాడు గొంతు తగ్గించి.

"పెద్ద స్టేషనుకు పనిమీద వెళ్తున్నారు. ఇవాళ అక్కడ ఆయన నోరు విప్పారంటే, రేపట్నించి అన్ని స్టేషన్లలోనూ ఆయన మాటే నడుస్తుంది."

చెప్పింది అక్షరాలా నిజం. విన్నవాడు మాత్రం టికెట్ల సంచీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. అప్పుడే మామగారి చూపు చిరిగిన సీటు మీద పడింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నాన్న ఏమంటున్నారంటే, ఇది ఎన్నాళ్ళయింది ఇలా చిరిగి అని" అంది కూతురు, అలవాటు చొప్పున.

కండక్టరు వెనక్కి వెళ్ళి ఫోనులో గుసగుసలాడాడు. "ఒరేయ్, తనిఖీ! చాలా పెద్దాఫీసరు. ఒక్క ముక్క మాట్లాడడు, అంతా ఆవిడే చెప్తుంది. మన బస్సుల కంపు భరించలేక మూతికి గుడ్డ పెట్టుకున్నాడు. ఆయన సంచీ నీ బండిలో ఉంది, నేల మీద పెట్టావంటే నీ ఉద్యోగం ఊడినట్టే!" పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మామగారి పెదవి అసలు కదలనేలేదు, కబురు మాత్రం ఊరు దాటిపోయింది.

లోకల్ స్టేషను గుమ్మంలోనే స్టేషను మాస్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురొచ్చాడు. ముందు బస్సు కండక్టరు సంచీతోపాటు కబురు కూడా అతనికి అప్పజెప్పి వెళ్ళాడు.

"మా సంచీ?" అన్నాడు అల్లుడు.

"ఇంకా ఇక్కడుంచుతామా సార్! అయ్యగారికంటే ముందు అయ్యగారి సామాను అందాలి కదా. మనిషినిచ్చి ఇంతకు ముందు లోకల్లోనే పంపించేశాను." మాస్టరు ముఖం వెలిగిపోతోంది. "సార్, కొంచెం చల్లటి నీళ్ళు..."

నీళ్ళు తాగాలంటే రుమాలు తీయాలి. మామగారు తల అడ్డంగా ఊపారు.

"చూశావా, మంచినీళ్ళు కూడా ముట్టడు. ఎంత నిక్కచ్చి మనిషో!" అని మాస్టరు పక్కనున్న టికెట్ల గుమాస్తాతో అన్నాడు. అప్పటికప్పుడు వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, తిరగని ఫ్యాను, రాని కుళాయి, కాళ్ళూగే బల్ల, అన్నీ చూపించి, వాటిలో ఏదీ తన తప్పు కాదని నిరూపించడం మొదలుపెట్టాడు. ఈలోగా ఒక లోకల్ వచ్చి వెళ్ళిపోయింది.

అల్లుడు మాస్టరు దారికి అడ్డం వచ్చాడు. "అదేంటండీ, బండి వెళ్ళిపోయింది!"

"ఆ రద్దీలో సార్‌ని ఎక్కిస్తామా? వచ్చే బండిలో ఒక పెట్టె మొత్తం ఖాళీ చేయిస్తున్నాను."

భార్య అల్లుడి మోచెయ్యి గిల్లింది. "నిజం చెప్పేయండి. పాపం ఆయన్ని చూడండి, చెమటలు కారిపోతున్నాయి."

"ఇప్పుడు చెప్తే బయటికి గెంటుతాడే. గెంటితే మీ నాన్న గొంతు ఇంక ఎవరూ వినరు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన కనుబొమలు అలసిపోయి కిందికి దిగాయి. ఆమె గిల్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

చెప్పిన మాట ప్రకారం మాస్టరు పెట్టె ఖాళీ చేయించాడు. వెంట తానూ ఎక్కాడు. అందులోంచి దిగిన జనమంతా పక్క పెట్టెల తలుపులకు వేలాడుతూ వీళ్ళను శాపనార్థాలు పెట్టారు. పొడుగునా కిటికీ సీట్లే, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. జీవితంలో మొదటిసారిగా సీటు బావకు కూర్చోబుద్ధి కాలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ తిరిగి, చివరికి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పెద్ద స్టేషనులో అధికారులు వరసగా నిలుచున్నారు. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన సూపరింటెండెంటు వాళ్ళను సొంత గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ బల్ల మీద, కడిగిన గాజుపళ్ళెంలో, ఫ్యాను కింద గుడ్డసంచీ కొలువుతీరి ఉంది. మామగారు ఒక్క అంగలో దాన్ని అందుకుని గోడవైపు తిరిగారు. డబ్బా మూత చప్పుడు, నీళ్ళ చప్పుడు, ఆపైన టక్కుమని ఇంకో చప్పుడు వినిపించాయి.

"సార్, తనిఖీ ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం?" అన్నాడు సూపరింటెండెంటు వినయంగా.

మామగారు ఇటు తిరిగారు. "తనిఖీ ఏమిటయ్యా? నేను పాత అనౌన్సర్ని. రికార్డింగు గది ఎక్కడ?"

లోకల్ స్టేషను మాస్టరు, పిలవని పేరంటానికొచ్చినట్టు, మెల్లగా గోడ పక్కకు జరిగాడు. సూపరింటెండెంటు ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచి అరవబోయేలోపు, మెడలో తీగలు వేసుకున్న ఒక అమ్మాయి గుమ్మంలో తొంగిచూసింది. రికార్డింగు ఇంజనీరు తనే.

"అనౌన్సరుగారొచ్చారా? బతికించారు! సామాను సర్దేసుకున్నాం సార్. ఎవరో ఆఫీసరు తనిఖీకొస్తున్నాడు, కదలొద్దని ఆపబట్టి ఉన్నాం గానీ, లేకపోతే ఈపాటికి బండెక్కేసేవాళ్ళం. రండి రండి."

సూపరింటెండెంటు తెరిచిన నోరు మూసుకున్నాడు. అల్లుడు మాత్రం ఆ మాట భార్యకు వినపడిందో లేదోనని రెండుసార్లు ఆమె వైపు చూశాడు.

మామగారు మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నారు. ప్రకటన చదివారు. అక్షరమక్షరమూ ఖంగుమంది. కూతురు మురిసిపోయింది. ఇంజనీరమ్మాయి మాత్రం ముఖం చిట్లించింది.

"ఇంకోసారి చదవండి సార్." చదివారు. "ఊహూఁ. ఇది ఆ గొంతు కాదండీ."

"నాది కాక ఎవరిదమ్మా?"

"ఏమో సార్. కాలేజీ రోజుల్లో రోజూ ఇక్కడే బండెక్కేదాన్ని. మీ గొంతు వింటే, బండి ఎంత ఆలస్యమైనా కోపమొచ్చేది కాదు. ఎంతో మెత్తగా ఉండేది. ఇదేమో కోర్టులో తీర్పు చదువుతున్నట్టుంది." ఆమె బాధగా తల దించుకుంది. "ఇలాగైతే మేము వేరే గొంతు చూసుకోవాలి."

మామగారి ముఖం వాడిపోయింది. ఆయన చేతిలోని కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. తనవల్ల ఆయన పడ్డ పాట్లు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనిపించింది అల్లుడికి. ఏదో ఒకటి చేయాలని బుర్ర గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది.

"మామయ్యగారూ, తప్పుగా అనుకోకండి. అప్పట్లో మీకు పళ్ళు లేవు కదా?"

భార్య కళ్ళురిమింది. మామగారి కనుబొమ లేచింది, మధ్యలో ఆగింది, దిగింది. ఆయన గోడవైపు తిరిగారు. మళ్ళీ మైకు ముందుకు వచ్చి, అన్నేళ్ళు మాట్లాడినట్టే మాట్లాడారు. గాలి కలిసిన, అంచులరిగిన, పక్కింటి పెద్దాయన భుజం మీద చెయ్యేసి చెప్పినట్టుండే గొంతు అది. బయట బల్ల మీద కునుకు తీస్తున్న ముసలి కూలీ ఉలిక్కిపడి లేచి, రాని బండి కోసం ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు.

"ఇదీ! ఇదే కావాలి సార్!" అని ఇంజనీరమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు అయితే దాచుకోకుండా ఏడ్చేసింది.

అల్లుడు ఛాతీ విరుచుకుని మామగారి ఎదురుగా నిలబడ్డాడు. సంచీ విసిరినందుకే తనిఖీ పుట్టింది, తనిఖీ పుట్టినందుకే వీళ్ళు ఆగారు, పళ్ళ సంగతి చెప్పింది కూడా తనే. ఇంత జరిగాక ఒక మంచిమాట రాకపోతుందా అని ఆశగా చూశాడు. మామగారు అతన్ని ఎగాదిగా చూసి, "అడ్డు జరగండి అల్లుడుగారూ, కాగితం మీద నీడ పడుతోంది" అన్నారు.

ఆ తర్వాత వరసగా అన్ని ప్రకటనలూ చదివారు. చివరిది మాత్రం, ఎందుకో, కాగితం పక్కన పెట్టి, అల్లుడి ముఖంలోకే చూస్తూ నెమ్మదిగా చెప్పారు. "మీకు కలిగిన అసౌకర్యానికి మేము ఎంతో చింతిస్తున్నాము."

పెళ్ళయినప్పటినుంచీ మామగారి నోట అల్లుడు విన్న క్షమాపణ అదొక్కటే. అదీ రైల్వేవాళ్ళు రాసిచ్చింది.